యూకేలో ఫొటోకార్డు లైసెన్సు గడువు దగ్గర పడిందా? రెన్యువల్ ఇలా, ఖర్చు ఇంత

ముందు పర్సులోంచి మీ గులాబీ రంగు డ్రైవింగ్ లైసెన్సు బయటికి తీయండి. ఫొటో ఉన్న వైపు పేరు, పుట్టిన తేదీ కింద 4ఏ, 4బీ, 4సీ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. 4ఏ పక్కన ఉన్నది కార్డు ఇచ్చిన తేదీ. 4సీ పక్కన కార్డు ఇచ్చిన ప్రభుత్వ సంస్థ పేరు, అంటే డీవీఎల్ఏ. మనకు కావలసింది 4బీ. మీ కార్డు గడువు తీరే తేదీ అదే. కళ్ళజోడు పెట్టుకుని చూడాల్సినంత చిన్నగా ఉంటుంది కాబట్టి చాలామంది పదేళ్ళపాటు దాన్ని పట్టించుకోరు.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉండే వాళ్ళ కోసం రాస్తున్నాను. నార్తర్న్ ఐర్లండ్‌లో లైసెన్సులు చూసే సంస్థ వేరు, అక్కడి పద్ధతీ వేరు. బెల్ఫాస్ట్‌లో ఉన్నవాళ్ళు తమ డీవీఏ సైటు చూసుకోవాలి.

తీరిపోయేది కార్డు గడువు, నడిపే హక్కు కాదు

మనలో చాలామంది తికమకపడేది ఇక్కడే. హైదరాబాదులోనో విజయవాడలోనో లైసెన్సు గడువు తీరిందంటే బండి నడిపే హక్కు కూడా ఆగిపోయినట్టే. ఆ అలవాటుతో ఇక్కడ 4బీ తేదీ చూడగానే గుండె జారిపోతుంది. బ్రిటన్‌లో లెక్క వేరు. మామూలు కారు నడిపే హక్కు మీకు 70 ఏళ్ళు వచ్చేదాకా ఉంటుంది. పదేళ్ళకోసారి మార్చాల్సింది కార్డును, ముఖ్యంగా దాని మీది ఫొటోను. ముప్పై ఏళ్ళప్పుడు తీయించుకున్న ఫొటో నలభై ఐదేళ్ళ మనిషిని గుర్తుపట్టడానికి పనికిరాదని వాళ్ళ ఉద్దేశం.

కార్డు వెనక్కి తిప్పితే వాహనాల బొమ్మలతో ఒక పట్టిక ఉంటుంది. అందులో 10 అని ఉన్న నిలువు వరుస ఆ రకం వాహనం నడిపే హక్కు ఎప్పటినుంచి, 11 అని ఉన్న నిలువు వరుస ఎప్పటిదాకా అని చెబుతుంది. ముందు వైపున్న 4బీని, వెనకున్న 11వ వరుసను కలిపి చదవకండి, రెండూ చెప్పేది వేరువేరు విషయాలు.

ఈ పదేళ్ళ గోల 1998లో ఫొటోకార్డులు వచ్చినప్పుడు మొదలైంది. అంతకు ముందు ఉన్నవి కాగితం లైసెన్సులు, వాటి మీద ఫొటో ఉండేది కాదు. మొదటి విడత కార్డులకు 2008లో గడువు తీరడం మొదలయ్యేసరికి, పుట్టిపెరిగిన ఇంగ్లీషువాళ్ళలోనే ఎంతోమందికి ఆ సంగతి తెలియలేదు. కాబట్టి మీకు తెలియకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

హక్కు ఉంది కదా అని పాత కార్డుతోనే కాలం వెళ్ళదీయకండి. గడువు తీరిన ఫొటోకార్డును మార్చుకోకుండా ఉంచుకోవడం నేరం, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. జరిమానా సంగతి అటుంచినా రోజువారీ ఇబ్బందులు చాలా ఉన్నాయి. కారు అద్దెకిచ్చే కౌంటర్లో 4బీ తేదీ దాటిందంటే తాళాలు ఇవ్వరు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, బ్యాంకులో, కొత్త ఉద్యోగంలో గుర్తింపు కోసం మనం చూపించేది ఎక్కువగా ఈ కార్డే. అక్కడ గడువు తీరిన కార్డు చెల్లదంటారు. ఒక్క ఓటు వేసేచోట మాత్రం ఫొటోలో మీ పోలిక కనిపిస్తే గడువు తీరిన కార్డునూ ఒప్పుకుంటారు. భారత పౌరులకు కూడా ఇక్కడ ఓటు హక్కు ఉందని తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట కూడా చెప్పాను.

ఉత్తరం వస్తుందిలే అని కూర్చోకండి

గడువు దగ్గర పడగానే స్వాన్సీలోని డీవీఎల్ఏ నుంచి డీ798 అనే గుర్తుచేసే ఉత్తరం వస్తుంది. వస్తే మంచిదే, దాచిపెట్టుకోండి, పోస్టాఫీసులో పనికొస్తుంది. కానీ ఆ ఉత్తరం వెళ్ళేది మీ లైసెన్సు మీదున్న చిరునామాకు. మనవాళ్ళు స్లౌలో ఒక ఏడాది, రెడింగ్‌లో రెండేళ్ళు, ప్రాజెక్టు మారితే మిల్టన్ కీన్స్ అని తిరుగుతూనే ఉంటారు. ఇల్లు మారిన ప్రతిసారీ కౌన్సిల్ టాక్సుకూ బ్యాంకుకూ చెబుతారు గానీ లైసెన్సు గుర్తుకు రాదు. ఉత్తరం మూడిళ్ళ వెనకున్న పాత అడ్రసుకు పోయి, ఎవరో దాన్ని చెత్తబుట్టలో వేస్తారు.

లైసెన్సు మీద చిరునామా మార్చుకోవడానికి ఒక్క పెన్నీ కట్టనక్కర్లేదు, ఆన్‌లైన్లో అయిపోతుంది. మార్చుకోకపోతే మాత్రం దానికీ వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంది. అలాగే లైసెన్సు మీద మార్చినంత మాత్రాన కారు లాగ్‌బుక్కులో, అంటే వీ5సీలో, చిరునామా మారదు. దానికి విడిగా చెప్పాలి, అదీ ఉచితమే. ఫోను క్యాలెండరులో 4బీ తేదీకి రెండు నెలల ముందు ఒక గుర్తు పెట్టేసుకుంటే ఆ ఉత్తరం మీద ఆధారపడే పనే ఉండదు.

మూడు దారులు, మూడు ధరలు

ఆన్‌లైన్లో అయితే 14 పౌండ్లు. ఫారం నింపి పోస్టులో పంపితే 17 పౌండ్లు. పోస్టాఫీసు కౌంటర్లో అయితే 21 పౌండ్ల 50 పెన్నీలు, అంటే డీవీఎల్ఏ ఫీజు 17, పోస్టాఫీసువాళ్ళ సేవకు నాలుగున్నర. మీకు 70 దాటితే అసలు ఫీజే లేదు.

ధరను బట్టి దారి ఎంచుకోకండి. మీ దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో దాన్ని బట్టి ఎంచుకోండి. ఎందుకో చెబుతాను.

ఆన్‌లైన్ పద్ధతి అంత సులువుగా నడవడానికి కారణం ఫొటో. మీకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే, దాని నంబరు ఇవ్వగానే అందులోని ఫొటోనూ సంతకాన్నీ డీవీఎల్ఏ నేరుగా తెచ్చుకుంటుంది. మీరు ఫొటో దిగక్కర్లేదు, కాగితం మీద సంతకం పెట్టక్కర్లేదు. పౌరసత్వం తీసుకుని బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చినవాళ్ళు ఇంకో ఆలోచన పెట్టుకోకుండా ఆన్‌లైన్‌కే వెళ్ళండి.

ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) మీదో, వర్క్ వీసా మీదో ఉండి చేతిలో భారత పాస్‌పోర్టే ఉంటే సంగతి వేరు. ఆ పాస్‌పోర్టులోని ఫొటో వాళ్ళకు అందదు. ఇలాంటప్పుడు 14కూ 21.50కీ తేడా లెక్కేసుకుని సైటుతో కుస్తీ పట్టేకంటే పోస్టాఫీసుకు వెళ్ళడం మేలని నా అభిప్రాయం. ఫొటో అక్కడే తీస్తారు. బయట ఫొటో బూతులో పెట్టే డబ్బు మిగులుతుంది కాబట్టి, పోస్టులో పంపే 17 పౌండ్ల దారితో పోల్చి చూసినా చివరికి పెద్ద తేడా ఉండదు.

ఆన్‌లైన్లో చేసేవాళ్ళకు

కూర్చునే ముందు ఇవి పక్కన పెట్టుకోండి: ఇప్పుడున్న లైసెన్సు, పాస్‌పోర్టు, డెబిట్ లేదా క్రెడిట్ కార్డు, నేషనల్ ఇన్సూరెన్సు నంబరు, గత మూడేళ్ళలో మీరున్న ఇళ్ళ చిరునామాలు. ఎన్‌ఐ నంబరు గుర్తు లేకపోతే జీతం స్లిప్పులో ఉంటుంది. ఎక్కువమంది ఆగిపోయేది మూడేళ్ళ చిరునామాల దగ్గర. పాత పోస్ట్‌కోడ్ ఎవరికి గుర్తుంటుంది? అమెజాన్ ఖాతాలో పాత డెలివరీ అడ్రసులు ఇంకా అలాగే పడి ఉంటాయి, అక్కడ చూసుకోండి.

సైటు చిరునామా మీరే టైపు చేయండి. గూగుల్లో వెతికితే పైన ప్రకటనలు వస్తాయి, ఆ సంగతి కింద చెబుతాను. ప్రభుత్వ సైటు చిరునామాలో జీఓవీ డాట్ యూకే అని ఉండాలి. దాంట్లో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ పేజీ తెరిస్తే మొదలుపెట్టే ఆకుపచ్చ బటన్ ఉంటుంది.

లైసెన్సు నంబరు కార్డు మీద 5 అనే అంకె పక్కన ఉంటుంది. మొత్తం 16 అక్షరాలు, అంకెలు. అది అడ్డదిడ్డంగా ఇచ్చిన నంబరు కాదు, దాని లోపల మీ వివరాలే దాగి ఉంటాయి. మొదటి అయిదు స్థానాలు ఇంటిపేరువి. ఇంటిపేరు అయిదు అక్షరాల కంటే చిన్నదైతే మిగిలిన చోట్ల 9 వేస్తారు. తర్వాతి ఆరు అంకెలు పుట్టిన తేదీ. అందులో మొదటిదీ చివరిదీ పుట్టిన సంవత్సరంలోని ఆఖరి రెండంకెలు, మధ్యలో నెల, రోజు. ఆడవాళ్ళకు నెల మొదటి అంకెకు 5 కలుపుతారు. 1985 మార్చి 14న పుట్టిన, రావు అనే ఇంటిపేరున్న ఒక ఆవిడ నంబరు ఆర్ ఏ ఓ 99 853145 అని మొదలవుతుంది. ఈ లెక్క తెలిస్తే టైపు చేసేటప్పుడు ఓ అక్షరానికి బదులు సున్నా కొట్టే తప్పు పట్టుకోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. కార్డు ఫొటో తీసి, పుట్టిన తేదీ మీద వేలు అడ్డం పెట్టి, "ఇది ఎక్స్‌పైర్ అయినట్టేనా బ్రదర్" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళుంటారు. నంబరులోనే పుట్టిన తేదీ మొత్తం ఉన్నప్పుడు వేలు అడ్డం పెట్టి లాభం ఏముంది? అసలు పెట్టకండి.

వివరాలన్నీ ఇచ్చాక, పాస్‌పోర్టు ఫొటో వాడుకోవడానికి మీ అనుమతి అడుగుతుంది. ఒప్పుకుని 14 పౌండ్లు కడితే పని అయినట్టే. ఈమెయిలుకు వచ్చిన కన్ఫర్మేషన్ దాచుకోండి. కొత్త కార్డు మామూలుగా వారంలోపు తపాలాలో వస్తుంది.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కు వస్తుంది, పేరు. చాలామంది భారత పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్స్ గడిలోనే ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ముందుండి అసలు పేరు సర్‌నేమ్ అయిపోతుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు దాన్ని సరిచేసుకుంటారు, లైసెన్సు మాత్రం పాత పేరుతోనే ఉండిపోతుంది. పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఒకలా ఉంటే ముందు లైసెన్సు మీద పేరు మార్పించుకోండి. పేరు మార్పుకు విడిగా ఫీజు లేదు గానీ, పేరు మారినట్టు చూపించే ఒరిజినల్ కాగితాలు పంపాల్సి వస్తుంది. ఇండియా ప్రయాణం దగ్గర్లో ఉంటే పాస్‌పోర్టు పోస్టులో వేసి కూర్చోకండి, తిరిగొచ్చాక చూసుకోండి.

పోస్టాఫీసుకు వెళ్ళేవాళ్ళకు

అన్ని పోస్టాఫీసుల్లోనూ ఈ పని చేయరు. ఊళ్ళో మూలన కిరాణా కొట్టు వెనక ఒక కిటికీ పెట్టుకున్న చిన్న బ్రాంచిలో కెమెరా ఉండకపోవచ్చు. పోస్టాఫీసు సైటులో బ్రాంచి వెతికే పేజీ ఉంది. అందులో లైసెన్సు రెన్యువల్ చేసే చోటు ఎక్కడో చూసుకుని బయలుదేరండి.

తీసుకెళ్ళాల్సినవి ఇప్పుడున్న కార్డు, వచ్చి ఉంటే డీ798 ఉత్తరం, ఫీజు డబ్బు. ఫొటో పట్టుకెళ్ళక్కర్లేదు. అక్కడే తీస్తారు, సంతకం కూడా అక్కడే డిజిటల్‌గా తీసుకుంటారు. నల్ల కళ్ళద్దాలు తీసేయాలి. మతపరంగానో ఆరోగ్యం కోసమో తల కప్పుకునేవాళ్ళు అలాగే ఉంచుకోవచ్చు, ముఖం మాత్రం కనిపించాలి. పదేళ్ళపాటు మీ పర్సులో, ప్రతి కౌంటర్ ముందూ తిరగబోయే ఫొటో అది. ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ, చెమటతో, వానలో తడిసిన జుట్టుతో వెళ్ళకండి. శనివారం పొద్దున క్యూ పెద్దగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ కూడా అంతే. వారం మధ్యలో పదిన్నర, పదకొండు ప్రాంతంలో వెళ్తే కాస్త నిదానంగా ఉంటుంది.

రసీదు అడిగి తీసుకోండి. కొత్త కార్డు వచ్చేదాకా మీరు దరఖాస్తు చేసినట్టు చూపించడానికి చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

పోస్టులో పంపడం

ఇది నేను చివరి దారిగానే చెబుతాను. డీ1 అనే ఫారం పోస్టాఫీసులో దొరుకుతుంది. దాన్ని నింపి, పాస్‌పోర్టు సైజు కొత్త ఫొటో, పాత కార్డు, 17 పౌండ్లకు డీవీఎల్ఏ పేరు మీద చెక్కు లేదా పోస్టల్ ఆర్డరు జతచేసి స్వాన్సీకి పంపాలి. నోట్లు పెట్టకూడదు. ఈ రోజుల్లో చెక్కు పుస్తకం ఉన్నవాళ్ళు ఎంతమంది? పోస్టల్ ఆర్డరు కొంటే దానికి కమీషను అదనం. పైగా ఆన్‌లైన్లో వారంలో అయ్యే పనికి ఇక్కడ మూడు వారాలు పట్టొచ్చు. పాత కార్డు కూడా కవరులో వెళ్ళిపోతుంది కాబట్టి పంపే ముందు దాని రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి.

చేతి చమురు వదిలించే సైట్లు

గూగుల్లో రెన్యువల్ అని కొట్టగానే పైన వచ్చే వాటిలో కొన్ని ప్రభుత్వ సైట్లు కావు. వాటి పక్కన స్పాన్సర్డ్ అని చిన్నగా రాసి ఉంటుంది. లోపలికి వెళ్తే నీలం రంగు, కిరీటంలాంటి బొమ్మ, "చెక్ అండ్ సెండ్" లాంటి మాటలు, అంతా సర్కారీ వాసనే. అసలు చేసేది మీరిచ్చిన వివరాలను అదే ప్రభుత్వ ఫారంలో నింపడం. కింద ఎక్కడో బూడిద రంగు అక్షరాల్లో మాకు డీవీఎల్ఏతో సంబంధం లేదని రాసుకుంటారు కాబట్టి చట్టానికీ దొరకరు. డబ్బు పోవడం ఒక నష్టమైతే, పాస్‌పోర్టు నంబరు, ఎన్‌ఐ నంబరు, మూడేళ్ళ చిరునామాలు ఎవరో తెలియనివాళ్ళ చేతిలో పడటం అంతకు మించిన నష్టం.

గుర్తుపట్టడం సులువే. 14 కంటే ఎక్కువ అడిగితే అక్కడికక్కడే ఆగిపోండి. 70 దాటినవాళ్ళను ఎంత అడిగినా ఆగిపోండి, ఎందుకంటే వాళ్ళకు ఉచితం. తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడి లైసెన్సు ఉన్న ఇళ్ళలో ముఖ్యంగా వాళ్ళకు ఈ మాట చెప్పి పెట్టండి.

మీ లైసెన్సు ఆగిపోయింది, ఈ లింకు నొక్కి డబ్బు కట్టండి అంటూ మెసేజీలు కూడా వస్తుంటాయి. బ్యాంకు వివరాలు, కార్డు వివరాలు డీవీఎల్ఏ మెసేజీల్లో అడగదు. లింకు ముట్టుకోకుండా డిలీట్ చేసేయండి.

కొత్త కార్డు వచ్చేలోపు బండి నడపొచ్చా?

నడపొచ్చు. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంలో 88వ సెక్షన్ అని ఒకటుంది. డీవీఎల్ఏకు మీ దరఖాస్తు సరిగ్గా చేరి ఉండాలి. ఏ వాహనం నడుపుతున్నారో దానికి ఇంతకుముందు మీకు హక్కు ఉండాలి. నడపొద్దని డాక్టరు చెప్పి ఉండకూడదు. కోర్టు మీ లైసెన్సును రద్దు చేసి ఉండకూడదు. ఇవన్నీ సరిపోతే కార్డు చేతిలో లేకపోయినా నడుపుకోవచ్చు. దీనికీ ఒక గడువుంది, దరఖాస్తు చేసి ఏడాది దాటితే ఈ వెసులుబాటు ఉండదు. మామూలు రెన్యువల్ అంతదూరం పోదు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. దారిలో పోలీసులు ఆపితే కన్ఫర్మేషన్ ఈమెయిలు గానీ పోస్టాఫీసు రసీదు గానీ చూపించండి.

ఇన్సూరెన్సు సంగతి కూడా అడుగుతుంటారు. నడిపే హక్కు పోలేదు కాబట్టి కార్డు గడువు తీరిందన్న ఒక్క కారణంతో పాలసీ దానంతటదే రద్దయిపోదు. అయినా ప్రతి కంపెనీ షరతులు ఒకేలా ఉండవు. గడువు తీరి చాలా రోజులైతే మీ పాలసీ పత్రం ఒకసారి చదువుకోండి. క్లెయిము వేసే రోజున కార్డు మీది తేదీ గురించి వాదన పెట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

రెన్యువల్ చేస్తున్నప్పుడు ఆరోగ్యం గురించి కూడా నిజం చెప్పాలి. మన కుటుంబాల్లో షుగరు మామూలైపోయింది, దాన్ని జబ్బుగా లెక్కే వేయం. ఇన్సులిన్ తీసుకుంటుంటే డీవీఎల్ఏకు చెప్పి తీరాలి. మూర్ఛ ఉన్నా, పగటిపూట నిద్ర ముంచుకొచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నా అంతే. చెప్పకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, ప్రమాదం జరిగితే కేసు కూడా. చెప్పినంత మాత్రాన లైసెన్సు లాగేసుకుంటారన్న భయం వద్దు, చాలామంది నడుపుతూనే ఉంటారు. చూపు సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. 20 మీటర్ల దూరంలో ఆగి ఉన్న కారు నంబరు ప్లేటు పగటి వెలుగులో చదవగలగాలి, కళ్ళజోడు పెట్టుకుని అయినా సరే. చదవలేకపోతే రెన్యువల్ కంటే ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకొన్ని లెక్కలు

కార్డు పోయింది, గడువు మాత్రం ఇంకా ఉంది అనుకోండి, అప్పుడు అది రెన్యువల్ కాదు, డూప్లికేటు. దానికి 20 పౌండ్లు. 70 నిండాక నడిపే హక్కు దానంతటదే కొనసాగదు, మూడేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. ట్రాఫిక్ తప్పులకు వేసే పెనాల్టీ పాయింట్లు కొత్త కార్డుతో మాయమైపోవు, అవి రికార్డులో ఉంటాయి. మరో శుభవార్త ఏమిటంటే ఈ ఫీజులు ఒకప్పుడు ఇంతకంటే ఎక్కువగా ఉండేవి. 2014 అక్టోబరులో రెన్యువల్ ఫీజును 20 పౌండ్ల నుంచి ఆన్‌లైన్లో 14కు, పోస్టులో 17కు తగ్గించారు.

ఇండియా లైసెన్సుతో ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చదువుతుంటే, మీకు ఈ రెన్యువల్ వర్తించదు. ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు ఇండియా లైసెన్సుతో నడపొచ్చు. ఆ తర్వాత నేరుగా మార్చుకునే వీలు లేదు, నేరుగా మార్పిడి చేసే దేశాల జాబితాలో భారత్ లేదు. ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాలి. ఆన్‌లైన్లో ప్రొవిజనల్‌కు 34 పౌండ్లు. పన్నెండో నెల దాకా ఆగితే టెస్టు తేదీ దొరక్క ఇబ్బంది పడతారు, వచ్చిన కొత్తలోనే దరఖాస్తు చేసుకోండి.

కార్డు చేతికి వచ్చాక

కవరు విప్పగానే పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, చిరునామా, కొత్త 4బీ తేదీ, వెనక కేటగిరీలు సరిచూసుకోండి. ముఖ్యంగా మోటార్ సైకిల్ కేటగిరీ ఉన్నవాళ్ళు అది ఉందో లేదో చూడండి. తప్పుంటే వెంటనే చెప్పండి. పాత కార్డును ఏం చేయాలో కొత్త కార్డుతో వచ్చే ఉత్తరంలో ఉంటుంది, అలాగే చేయండి. రెండు కార్డులూ దగ్గర పెట్టుకుని తిరగొద్దు.

కారు అద్దెకు తీసుకునేవాళ్ళకు షేర్ కోడ్ అనేది కూడా కావాలి, అద్దెకిచ్చేవాళ్ళు మీ లైసెన్సు వివరాలు ఆన్‌లైన్లో చూసుకునేది దాంతోనే. 2015 జూన్‌లో కార్డుతో పాటు ఉండే కాగితం భాగాన్ని తీసేశారు, పాయింట్ల వివరాలు ఇప్పుడు ఆన్‌లైన్లోనే కనిపిస్తాయి. లైసెన్సు నంబరు, ఎన్‌ఐ నంబరు, పోస్ట్‌కోడ్ ఇస్తే మీ వివరాలు కనిపిస్తాయి, అక్కడే కోడ్ తీసుకోవచ్చు. అది 21 రోజులు పనిచేస్తుంది. కాబట్టి ప్రయాణానికి నెల ముందే తీసేసుకుంటే కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి అది చెల్లకుండా పోతుంది.

సంక్రాంతికో పెళ్ళికో ఊరెళ్ళి అక్కడ కారు నడుపుదామనుకుంటే, ఇక్కడి లైసెన్సుకు తోడుగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఇండియాకు 1949 రకం పర్మిట్ అడగాలి, వేరే దేశాలకు 1968 రకం కూడా ఉంటుంది, కౌంటర్లో తికమకపడకండి. ధర అయిదున్నర పౌండ్లు. 2024 ఏప్రిల్ నుంచి ఇవి పోస్టాఫీసులో ఇవ్వడం లేదు, పేపాయింట్ బోర్డున్న కొన్ని కొట్లలో ఇస్తున్నారు. పర్మిట్ తీసుకోవడానికి ఫొటోకార్డు చెల్లుబాటులో ఉండాలి కాబట్టి, విమానం టిక్కెట్లు బుక్ చేసే రోజే 4బీ తేదీ చూసి, దగ్గర పడితే ముందు రెన్యువల్ పెట్టేయండి. ఇండియా లైసెన్సు ఇంకా గడువులోనే ఉన్నవాళ్ళకు ఈ అయిదున్నర పౌండ్లు కూడా మిగులుతాయి.